మూరెడు అబద్ధం

నేను ఒక అబద్ధం చెప్పిన గడను. వెదురు గడను. గోదావరి మీద పాపికొండల దారిలో యాత్రికులను తిప్పే లాంచీ ముందు భాగాన నిలబడి, అడుగున నీళ్ళెంత ఉన్నాయో చెప్పడం నా ఉద్యోగం. పదకొండేళ్ళు బెత్తెడు తేడా లేకుండా నిజం చెప్పాను. ఒక్క రోజు మాత్రం మూరెడు అబద్ధం చెప్పాను. ఆ రోజు లాంచీలో నలభై ఇద్దరు యాత్రికులున్నారు. ఈత వచ్చినవాళ్ళు అందులో ఎంతమందో నాకు తెలియదు కానీ, ఆ రాళ్ళ మధ్య ఆ ఈత ఎవరికీ అక్కరకొచ్చేది కాదు.

నోరు లేనిదానివి, అబద్ధమెలా చెప్పావు అంటారేమో. నేను గాట్లతో మాట్లాడతాను. ఆ భాష నాకెలా వచ్చిందో ముందు వినండి.

నేను పుట్టింది ఆ కొండల వెనక, కొండరెడ్ల ఊరికి పైనున్న వెదురు పొదలో. కెచ్చెల బాలిరెడ్డి అనే పెద్దాయన నన్ను నరికాడు. అమావాస్య దగ్గరి రోజుల్లో నరికితే పురుగు పట్టదని వారం ఆగి మరీ నరికాడు. మనుషుల పెళ్ళికి చూసినట్టే నా చావుకూ ముహూర్తం చూశారన్నమాట. తర్వాత సెగ మీద కాచి నా వంకర తీశాడు. పొయ్యి పైన అటక మీద నెల రోజులు పొగలో పడుకోబెట్టాడు. బయటికొచ్చేసరికి నేను తేనె రంగు తేలి, కొడితే కంచులా మోగేదాన్ని. కొంచెం గర్వం కూడా వచ్చింది, ఎందుకు దాచాలి.

నన్ను తీసుకోవడానికి పెమ్మాడి గంగరాజు వచ్చాడు. లాంచీ మీద గడ వేసేవాడు. సన్నగా, నల్లగా, మాట తక్కువ మనిషి. గడవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరి గడ వాళ్ళ చేతికే కొలవాలి. టేపులూ స్కేళ్ళూ పనికిరావు. గంగరాజు తన మోచెయ్యి నా కింది కొసకు ఆనించి, నడిమి వేలు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ బాలిరెడ్డి చేత చిన్న గాటు పెట్టించాడు. ఆ గాటు మీద మళ్ళీ మోచెయ్యి, మళ్ళీ గాటు. అలా పన్నెండు మూరలు. మూడో గాటు మీద రాగి తీగ చుట్టించాడు. రాళ్ళకు చీలిపోకుండా కింది కొసకు ఇనప పొన్ను తొడిగించాడు, రోకలికి తొడిగినట్టు.

ఆ రాగి తీగలోనే ఉంది సంగతంతా. నిండా జనంతో ఉన్న లాంచీ అడుగు నీళ్ళలోకి రెండు మూరల బెత్తెడు దిగుతుంది. నన్ను నిలువుగా దించి పొన్ను నేలకు తాకించినప్పుడు తీగ నీళ్ళలో మునిగితే మూడు మూరల లోతున్నట్టు, లాంచీ పోవచ్చు. తీగ పైకి కనబడితే ఆపాలి. గంగరాజు నావైపు చూసేవాడు కాదు. కళ్ళు నది మీద ఉండేవి, బొటనవేలు నా గాట్ల మీద ఉండేది. నన్ను పైకి లాగి, తీగను మూడుగా పట్టుకుని, తడి ఏ గాటుదాకా వచ్చిందో వేలితో తెలుసుకుని గట్టిగా కేకేసేవాడు. "ఐదు!" "నాలుగున్నర!" వెనక చక్రం పట్టుకున్న సరంగుకు ముందున్న నీళ్ళు కనబడవు. ఆ కేక వినే లాంచీని తిప్పాలి. అంటే నా గాటు గంగరాజు వేలికి, గంగరాజు కేక సరంగు చెవికి, సరంగు చెయ్యి లాంచీకి. ఈ గొలుసులో మొదటి లంకెను నేను.

సరంగు పేరు నూకయ్య. అరవై దాటినా చక్రం వదలని మనిషి. గంగరాజు పెళ్ళాం మహాలక్ష్మికి మేనమామ. మహాలక్ష్మి కూడా లాంచీ మీదే ఉండేది. కింద వంటగదిలో నలభై, యాభై మందికి ఒంటి చేత్తో వండిపోసేది. ఆమె కడిగే గిన్నెల నీళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. పైనీళ్ళలో డీజిలు తెట్టు తేలుతుందని ఆమెకు అసహ్యం. అందుకని బకెట్టును తాడుతో దించి, తాడుకు వేసిన ముడి చేతికి వచ్చేదాకా వదిలి, రెండున్నర మూరల లోతు నుంచి నీళ్ళు తోడేది. "అదేవన్నా నుయ్యేటే, అంత లోతుకెందుకు" అని గంగరాజు ఏడిపించేవాడు. ఆమె పట్టించుకునేది కాదు.

పదకొండేళ్ళు ఇలా గడిచాయి. నా పైకొస గంగరాజు అరచేతి రాపిడికి అద్దంలా నున్నబడింది. కింది కొస పొన్ను పైభాగంలో కాస్త చీలికలు బారింది. ఉద్యోగమన్నాక ఎక్కడో అరగకుండా ఉంటుందా.

ఆ చైత్రమాసంలో మహాలక్ష్మి తల్లి పోయింది. మొగుడూ పెళ్ళాం, నూకయ్యా పెద్దకర్మ దాకా యానాం వైపు వెళ్ళిపోయారు. అదే అదనుగా లాంచీని గట్టుకు లాగి రంగులేశారు, గదిని ముందుకు పెంచారు, కొత్త లౌడ్‌స్పీకర్లు పెట్టారు. గది పెరిగేసరికి నన్ను పెట్టే కొక్కేల చోటు తగ్గింది. నా కొస మెట్ల మీదికి పొడుచుకొచ్చింది. లాంచీ మేనేజరు కామేశం స్వయంగా ఎక్కబోతూ నుదురు బొప్పి కట్టించుకున్నాడు. తన నుదురే ఇలా అయితే యాత్రికుల నుదుళ్ళ సంగతేమిటని ఆయనకు బెంగ పట్టుకుంది.

"బ్రహ్మాజీ, ఈ కర్రని ఓ మూరెడు కోసెయ్యవయ్యా" అన్నాడు.

బ్రహ్మాజీ వడ్రంగి. మంచి పనివాడు, అంతకంటే మంచి మనిషి. నన్ను ఒళ్ళో పెట్టుకుని రెండు కొసలూ చూశాడు. పైకొసకు పదకొండేళ్ళ చేతిపట్టు ఉంది. ఒకడి చెయ్యి అరిగిన చోట రంపం పెట్టడం పనివాడికి మనసొప్పదు. కింది కొస ఎలాగూ చీలింది. పొన్ను ఊడగొట్టి, కోతకు సిద్ధంగా గీత గీసి ఉన్నట్టు కనబడిన మొదటి గాటు మీదే రంపం పెట్టాడు. కోశాక అంచు నున్నగా చెక్కి, పొన్నును మళ్ళీ బిగించి, నాకు నూనె రాశాడు. ఎంత నీటుగా చేశాడంటే, కోత పడిన నాకే ముచ్చటేసింది.

ముచ్చట తీరాక భయం పట్టుకుంది. మొదటి గాటు పోయింది. రెండో గాటు మొదటిదైంది. రాగి తీగ ఉన్న మూడో గాటు ఇప్పుడు నిజానికి రెండు మూరల ఎత్తులో ఉంది. ఆ తీగ మునిగింది కదా అని లాంచీ వస్తే, నేల మీదికే వస్తుంది. ఈ సంగతి తెలిసింది ఈ లోకంలో నాకొక్కదానికే. నాకేమో నోరు లేదు.

పెద్దకర్మ ముగించుకుని గంగరాజు వాళ్ళు తిరిగొచ్చింది సరిగ్గా యాత్ర బయలుదేరే పొద్దునే. జనం అప్పటికే ఎక్కేస్తున్నారు. గంగరాజు పరుగున వచ్చి నన్ను కొక్కేల మీంచి తీశాడు. తీసి ఒక్క క్షణం ఆగాడు. చేతిలో ఎగరేసి చూశాడు.

"ఏటే, తేలిగ్గా ఉన్నావ్? ఎండకి ఆరిపోయావేటి?" అన్నాడు.

కాదు బాబూ కాదు, లెక్కపెట్టు, తీగ కింద గాట్లు లెక్కపెట్టు అని నాలోపలి కణుపులన్నీ అరిచాయి. అతను పొన్ను చూశాడు. ఎప్పటి పొన్నే. పైకొస చూశాడు. ఎప్పటి నునుపే. నూకయ్య గంట కొట్టాడు. గంగరాజు నన్ను భుజాన వేసుకుని ముందుకు వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళ నమ్మకం ఎంత పనిచేస్తుందో ఆ రోజు అర్థమైంది. కళ్ళెదుట ఉన్నదాన్ని కూడా కనబడనివ్వదు.

ఎగువకు ప్రయాణం హాయిగా సాగింది. వేసవి కావడంతో నది అక్కడక్కడా ఇసుక మేటలు వేసింది కానీ, పెద్దపాయలో నీళ్ళు దండిగా ఉన్నాయి. నేను ఏడన్నాను, నిజానికి ఆరు. నేను ఆరన్నాను, నిజానికి ఐదు. ఎవరికీ ఏ నష్టమూ లేదు. కొండలు రెండువైపులా దగ్గరికొచ్చి నదిని గొంతు పట్టుకున్న చోట నా కొస అడుగుకే అందలేదు. జనం ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన మైకు లాక్కుని పాటలు పాడాడు, ఆపమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మధ్యాహ్నం ఒడ్డున దిగి, మా దాయాది ఒకణ్ణి నరికి, వాడి బొంగులో కోడిమాంసం కూరి నిప్పుల్లో కాల్చి, ఆహా ఓహో అంటూ తిన్నారు. నేను అటువైపు చూడలేదు.

తిరుగు ప్రయాణం మొదలైన కాసేపటికే వెనక ఆకాశం సిరా ఒలికినట్టు నల్లబడింది. గాలివాన వస్తోంది. ఆ కొండల సందులో గాలివాన వస్తే సుడులు లేస్తాయి. లాంచీ ఆ సందు దాటి, మొసలిబండలు దాటి, దిగువన ఉన్న ఇసుక రేవుకు చేరిపోవాలి. నూకయ్య ఇంజను పెంచాడు.

మొసలిబండలంటే నది మధ్యలో నీళ్ళలోంచి వీపులు పైకెత్తిన రాళ్ళ వరస. వాటికి కుడిపక్క పెద్దపాయ, ఎడమపక్క చిన్నపాయ. పెద్దపాయ దగ్గరికి వచ్చేసరికి అక్కడ దారి మూసుకుపోయి ఉంది. కాగితం మిల్లుకు వెదురు తీసుకెళ్ళే తెప్పలు రెండు అడ్డం తిరిగి ఇసుకలో కూరుకుపోయాయి. మా వాళ్ళే. వందల మంది మా వాళ్ళు కట్టలు కట్టించుకుని దారికి అడ్డంగా పడుకున్నారు. తెప్పల వాళ్ళు నడుం లోతు నీళ్ళలో నిలబడి తోస్తూ, సాయంత్రం దాకా కదలవని చేతులు ఊపారు.

నూకయ్య వెనక్కి తిరిగి మబ్బు వైపు చూశాడు. ముందుకు తిరిగి చిన్నపాయ వైపు చూశాడు.

"అల్లుడా, చిన్నపాయలో నీల్లుంటాయంటావా?"

"గడేత్తే తెలుత్తాది మావా."

"ఓసారి దిగితే ఎనక్కి తిప్పే సోటు లేదురా. నీ మాట మీదే దిగుతన్నాను."

"దిగు మావా. గడుంది గదా."

గడుంది కదా అన్నాడు. ఆ మాటకు నా గుండె, వెదురుకు గుండె ఉంటే, ఆగిపోయి ఉండేది.

లాంచీ చిన్నపాయలోకి తిరిగింది. ప్రవాహమే మమ్మల్ని ముందుకు నెడుతోంది. రెండువైపులా రాళ్ళు చెయ్యి చాస్తే తగిలేలా ఉన్నాయి. గంగరాజు నన్ను దించాడు. పొన్ను గులకరాళ్ళ మీద టక్కుమంది.

"ఐదు!" అని అరిచాడు. నాలుగు.

"నాలుగున్నర!" మూడున్నర.

"నాలుగు!" మూడే. ఇదే హద్దు. ఇక్కడే ఆపు.

"నాలుగే మావా, పోనియ్!"

మైకు పాటగాడికి ఏమనిపించిందో పాట మధ్యలో ఆపేశాడు. జనం కబుర్లు సన్నగిల్లాయి. మనుషులకు లోతు తెలియకపోయినా, ఎవరూ మాట్లాడకపోవడం మాత్రం తెలుస్తుంది. నేను మళ్ళీ దిగాను. తీగ మీద ఇంకా సగం మూర నీళ్ళున్నాయి. గంగరాజు వేలు ఆ చోటును తడిమింది. నేను వేళ్ళకింద పగిలిపోతే బాగుండునని కోరుకున్నాను. ఎప్పుడూ చీలని చోట ఇప్పుడైనా చీలి, అతని చెయ్యి గీరి, ఒక్కసారి నావైపు చూసేలా చేస్తే చాలుననుకున్నాను. బాలిరెడ్డి నన్ను మరీ గట్టిగా కాచాడు. చీల్లేదు.

"మూడున్నర!"

అప్పుడు కింద వంటగది కిటికీలోంచి మహాలక్ష్మి కేక వినబడింది.

"ఏవయ్యోయ్! బకెట్టులో రాయొచ్చింది!"

గంగరాజు తల తిప్పలేదు. "ఏటీ?"

"గులకరాయి! బకెట్టులో గులకరాయొచ్చింది! తాడు ముడిదాకా కూడా ఎల్లలేదు!"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తాడు ముడి రెండున్నర మూరలు. ముడిదాకా వెళ్ళకుండానే బకెట్టు నేల తాకింది. మూడున్నర లోతుంటే అది జరగదు. ఆ లెక్క గంగరాజుకు తెలుసు. ఆ లాంచీలో అందరికంటే బాగా తెలుసు.

కానీ మొగవాడికి, అందులోనూ పదకొండేళ్ళు గడ వేసినవాడికి, పెళ్ళాం బకెట్టు ముందు తన గడ ఓడిపోవడం అంత తేలిక కాదు. అతని మొహంలో అది నాకు కనబడింది. వెనక నూకయ్య ఎదురుచూస్తున్నాడు. లాంచీ ఒక బార ముందుకు జారింది. ఇంకో బార జారింది.

"నిన్నేనయ్యా! సెవుడా?" అని మహాలక్ష్మి మళ్ళీ అరిచింది.

గంగరాజు నన్ను గబుక్కున పైకి లాగి, అడ్డంగా పట్టుకుని, బొటనవేలు రాగి తీగ మీద పెట్టాడు. తీగ నుంచి కిందికి జరిపాడు. "ఒకటి" అన్నాడు పైకే. వేలు ఇంకా కిందికి జరిగింది. రెండో గాటు ఉండాల్సిన చోట చల్లటి ఇనుము తగిలింది.

గంగరాజు చక్రం వైపు తిరిగాడు.

"ఆపు మావా! ఎనక్కి కొట్టు! గడ కోసేశారు! గడ అబద్దం!"

నూకయ్య ఎందుకని అడగలేదు. ఇంజను వెనక్కి తిప్పాడు. లాంచీ ఒళ్ళంతా వణికింది. ప్రవాహం ముందుకు లాగుతుంటే, ఇంజను వెనక్కి లాగుతుంటే, ఉన్నచోటే నిలబడి మూలిగింది. ఎక్కడో అడుగున కర్రుమని ఒక రాయి రాసుకుంది. ఒకావిడ కెవ్వుమంది. పిల్లలు ఏడుపు మొదలెట్టారు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి గాలివాన తొలి గాలి వచ్చి మా వీపు మీద చరిచింది.

వెనక్కి పోవడానికి ప్రవాహం ఒప్పదు. ఆగి ఉండడానికి గాలి ఒప్పదు. ముందుకు పోవాలంటే లోతు తెలియాలి. లోతు చెప్పాల్సిన నేను అబద్ధాలకోరునని తేలిపోయింది. మూర తీసేసి లెక్కపెట్టుకోవచ్చు కదా అంటారేమో. రాళ్ళ సందులో లోతు అడుగడుక్కీ మారుతుంది, నేను తాకిన చుక్క చోటు తప్ప పక్క చోటు నాకు తెలియదు. గంగరాజు ఆ లెక్కంతా వెయ్యలేదు. లాంచీ ముందున్న తాడు తీసి నడుముకు కట్టుకున్నాడు.

మహాలక్ష్మి చేతిలో బకెట్టుతోనే పైకొచ్చింది. చూసింది. అడ్డుపడలేదు. బకెట్టు కింద పెట్టి, తాడు రెండో కొసను గుంజకు రెండు చుట్లు వేసి చేత పట్టుకుంది.

"నేను వదుల్తుంటాను, నువ్వు నడు" అంది. "కాలు సూసుకో."

అతను నాతో సహా నీళ్ళలోకి దూకాడు.

ఇక ఆ తర్వాతది నేను కొలవలేదు. మనిషి కొలిచాడు. నన్ను చేతికర్రగా పట్టుకుని, లాంచీ ముందు ప్రవాహంలో అడుగులో అడుగు వేస్తూ, తన ఒంటి మీద నీళ్ళు ఎక్కడికొచ్చాయో కేకేస్తూ నడిచాడు. బొడ్డు దగ్గరుంటే లాంచీ రాదు. రొమ్ము దగ్గరుంటే వస్తుంది.

"రొమ్ము! రా మావా!"

నూకయ్య ఇంజను ఒక్క ఊపిరి వదిలేవాడు. లాంచీ ఒక బార జారేది. మళ్ళీ బిగబట్టేవాడు.

"బొడ్డు! ఆగాగు!" గంగరాజు కుడికి వెతికాడు. ఎడమకు వెతికాడు. నేను రాళ్ళ సందుల్లో జారకుండా అతని బరువు మోశాను. "ఇటు! ఇటు పల్లం! రొమ్ము!"

"అందరూ ఎనక్కి పోండి! ఎనక్కి!" అని నూకయ్య జనాన్ని కసిరాడు. ముందు భాగం తేలికై కొంచెం పైకి లేచింది. నలభై ఇద్దరూ వెనక ముద్దగా చేరి, ఒకరి చేతులొకరు పట్టుకుని, నీళ్ళలో ఉన్న ఒక్క మనిషి నోటి నుంచి ఏ మాట వస్తుందా అని చూస్తున్నారు. వాన మొదలైంది. చినుకులు కాదు, ధారలు. గంగరాజు కేక నీళ్ళలో కలిసిపోతుంటే మహాలక్ష్మి దాన్ని అందుకుని వెనక్కి అరిచేది. "రొమ్మంటన్నాడు! రా మావా!"

చివర రెండు పెద్ద బండలు. వాటి మధ్య లాంచీ పట్టేంత సందు. అది దాటితే పాయ విశాలమైపోతుంది. గంగరాజు ఆ సందులో ఎడమ బండను ఆనుకుని నిలబడి, కాళ్ళతో తడిమి, "పీక లోతు! వచ్చెయ్!" అన్నాడు.

లాంచీ వచ్చింది. సగం దూరాక గాలి దాని తోకను పక్కకు కొట్టింది. ముందు భాగం ఎడమకు తిరిగి, గంగరాజు నిలబడ్డ బండ వైపు నేరుగా వచ్చింది. బండకూ లాంచీకీ మధ్య మనిషి. వెనక్కి పోవడానికి బండ తప్ప ఏమీ లేదు.

అతను నన్ను అడ్డం పెట్టాడు. నా పొన్ను బండకు, నా నునుపు కొస లాంచీ పలకకు. అన్ని మణుగుల బరువు నా మీదికి వచ్చింది. నేను విల్లులా వంగాను. నా మధ్య కణుపు దగ్గర నిలువునా పగులు బారింది. నాకు నొప్పి తెలిసిన రోజు అదొక్కటే. పగిలినా విరగలేదు. బాలిరెడ్డి సెగకు, ఆ నెల రోజుల పొగకు మొక్కాలి. నేను ఆపగలిగింది కొద్ది క్షణాలే. ఆలోపు నూకయ్య చక్రం తిప్పి ఇంజను పూర్తిగా వదిలాడు. లాంచీ నా మీంచి జారి, బండను ఒరుసుకుంటూ, సందులోంచి బయటపడింది.

గంగరాజు కనబడలేదు.

తాడు బిగుసుకుని ఉంది. మహాలక్ష్మి గుంజకు కాలు తన్నిపెట్టి లాగుతోంది. పదేళ్ళకు పైగా రోజుకు నలభై బకెట్లు తోడిన చేతులవి. ఇద్దరు యాత్రికులు వచ్చి ఆమె వెనక తాడు పట్టుకున్నారు, ఒకడు మైకు పాటగాడే. లాంచీ వెనక నీళ్ళలోంచి ముందు నేను తేలాను, తర్వాత నన్ను పట్టుకున్న చెయ్యి, ఆ తర్వాత దగ్గుతూ గంగరాజు తల. ప్రాణం మీదికి తెచ్చిన గడను వదిలెయ్యకుండా ఎందుకు పట్టుకున్నాడో నాకిప్పటికీ తెలియదు. పట్టుకున్నాడు. అంతే.

ఇసుక రేవులో లాంచీ కట్టేసి, టార్పాలిన్ల కింద అందరూ ముద్దగా కూర్చున్నారు. గంగరాజు నన్ను చేత పట్టుకుని నూకయ్య ఎదుట నిలబడ్డాడు.

"మావా, పొద్దున్నే తేలిగ్గా తగిలింది. లెక్కెట్టుకోలేదు. ఇంక నా కేక నమ్ముతావా?"

నూకయ్య తడిసిన బీడీ వెలిగించాలని చూసి, కుదరక పారేశాడు.

"నీ కేక నమ్ముతాన్రా. ఒట్టి గడని నమ్మను. ఇయ్యాల్టి నుంచి నువ్వు గడేసినప్పుడల్లా మాలచ్చి బకెట్టెయ్యాల."

బయలుదేరిన రేవుకు తిరిగి చేరాక కామేశం సంగతి విని ఆశ్చర్యపోయాడు. "కిందది కోసినా పైది కోసినా కర్ర పొడవు ఒకటేగా!" అన్నాడు. ఆయన చదువుకున్నవాడు. బ్రహ్మాజీ మాత్రం కూలబడి ఏడ్చాడు. చేతిపట్టు ఉన్నవైపు కొయ్యకూడదనే కింద కోశానని చెప్పి ఏడ్చాడు. గంగరాజు అతని పక్కన కూర్చుని, "నీది కాదు తప్పు. సేతిలోకి తీసుకున్నాక నాదే" అన్నాడు.

కొత్త గడ వచ్చింది. నా పగులుకు తీగ చుట్టి, మహాలక్ష్మి తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి వంటగది పక్కన కట్టుకుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నేను విన్నది రెండు కేకలు. పైనుంచి "మూడు!" అని మొగుడు. కిందనుంచి "మూడే!" అని పెళ్ళాం. రోజూ బయలుదేరే ముందు గంగరాజు కొత్త గడ తీగ మీద బొటనవేలు పెట్టి, కిందికి జరుపుతూ, "ఒకటి, రెండు" అని పైకే లెక్కపెట్టేవాడు. చూసిన యాత్రికులు అదేదో గంగమ్మ మంత్రమనుకుని దణ్ణాలు పెట్టుకునేవాళ్ళు. అతను కాదనేవాడు కాదు.

నూకయ్య పోయాడు. లాంచీ పాతబడి తుక్కుకు వెళ్ళింది. నన్ను తుక్కులో వెయ్యబోతుంటే ఎవరో పెద్దమనిషి చూసి, పాత వస్తువు కదా అని తీసుకెళ్ళి, నదిగట్టున కొత్తగా కట్టిన యాత్రికుల విశ్రాంతి భవనం గోడకు తగిలించాడు. కింద ఇత్తడి రంగు బోర్డు పెట్టించాడు. "గోదావరి నావికుల లోతు గడ. పొడవు పన్నెండు మూరలు. నేటికీ కచ్చితమైన కొలత." పన్నెండని ఏదో పాత లాంచీ కాగితంలో ఉందట. నన్ను కొలిచినవాడెవడూ లేడు.

మొన్న వేసవిలో ఇద్దరు ముసలివాళ్ళు ఆ హాల్లోకి వచ్చారు. చెప్పులు బయట విడిచి వచ్చారు. ఆ అరచెయ్యి నా పైకొస మీద పడగానే నాకు తెలిసిపోయింది.

"తాతగారూ, ముట్టుకోకూడదండి" అంది కౌంటర్లో కూర్చునే ఆవిడ, కాస్త విసుగ్గానే.

"ఇందులో పన్నెండని రాశారమ్మా. పదకొండే" అన్నాడు గంగరాజు, బొటనవేలు రాగి తీగ మీంచి కిందికి జరిపి, "ఒకటి" అని ఇనుము దగ్గర ఆపి చూపిస్తూ.

"పైనుంచి అలాగే వచ్చిందండి. అయినా ఒక మూరకేమైందండీ? ఇక్కడ దీన్ని నమ్ముకుని లాంచీ నడిపేదెవరు?"

మహాలక్ష్మి అంది.

"మేం నమ్మాం తల్లీ. నలబై రెండు మందిని ఎక్కించుకుని నమ్మాం. దయుంచి ఆ పెన్ను ఓసారిత్తావా?"

ఆవిడ ఎందుకిచ్చిందో, ఇచ్చింది. గంగరాజు పన్నెండు కొట్టేసి పైన పదకొండు అని రాశాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి. కచ్చితమైన కొలత అన్న మాట మీద కూడా పెన్ను పెట్టి, ఒకసారి నావైపు చూసి, ఆ మాటను అలాగే వదిలేశాడు. పదకొండని రాశాక అది నిజమే కదా. పెన్ను తిరిగిచ్చి, ఇద్దరూ చెప్పులేసుకుని ఎండలోకి వెళ్ళిపోయారు.

వాళ్ళు మెట్లు దిగేదాకా ఆవిడ చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చింది. చుట్టూ చూసి, బొటనవేలు రాగి తీగ మీద పెట్టి, మెల్లగా కిందికి జరిపింది.

"ఒకటి" అంది.

వేలు ఇంకొంచెం దిగి ఇనుము దగ్గర ఆగింది. ఆవిడ చాలాసేపు ఆ వేలు తియ్యలేదు.